పాపకి నీళ్ళెవరు పోశారు

మా అమ్మాయి పురిటికి రాకముందే ఫోన్లో నాతో ఒప్పందం రాయించుకున్నంత పని చేసింది. బొడ్డు మీద పౌడరు వెయ్యకూడదు, ముక్కులో నూనె చుక్కలు వెయ్యకూడదు, కళ్ళకి కాటుక పెట్టకూడదు, తేనె నాకించకూడదు. అన్నిటికీ సరేనన్నాను. "నీళ్ళు మాత్రం నేనే పోస్తాను, అది కూడా కూడదంటే మీ అత్తగారింట్లోనే పురుడు పోసుకో" అన్నాను. "నువ్వు కాక ఇంకెవరు పోస్తారమ్మా" అని నవ్వేసింది. ఆ మాట మీద నేను ఆ వారమంతా గాల్లో తేలాను.

రామచంద్రపురం చుట్టుపక్కల మా చుట్టాల్లో నా కాళ్ళ మీద పడుకుని నీళ్ళు పోయించుకోని పిల్లలు తక్కువ. పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూనే, ఎవరింట్లో పురుడొచ్చినా పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పోసి, అక్కణ్ణుంచి డ్యూటీకి పరిగెత్తేదాన్ని. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు బారజాపి, బిడ్డని ముందు బోర్లా వేసుకుంటాను. నూనె పట్టించి, మెత్తగా జల్లించిన సున్నిపిండితో నలిచి, చేతి అడ్డం పెట్టి నీళ్ళు ఒంపుతాను. ఏడ్చే పిల్లలు కూడా వీపు మీద నీళ్ళు పడేసరికి గమ్మునైపోతారు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ, ఆ తర్వాత పాలు, ఆ తర్వాత మొద్దునిద్ర. ఇందులో నాకు గర్వం ఉంది. ఉండకూడదని ఎవరైనా అంటే వాళ్ళ పిల్లలకి వాళ్ళే పోసుకోమంటాను.

మా అమ్మ ఇవన్నీ నేర్పుతూ ఇంకొకటి కూడా నేర్పింది. పుట్టిన బిడ్డకి, ఆడైనా మగైనా, కొన్నాళ్ళు రొమ్ములు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఒక్కోసారి పాలలాంటి చుక్క కూడా వస్తుంది. నీళ్ళు పోసేటప్పుడు ఆ పాలు పిండెయ్యాలి, లేకపోతే గడ్డ కడతాయని మా వైపు నమ్మకం. అమ్మ పిండుతుంటే పిల్లలు గుక్కపట్టి ఏడ్చేవాళ్ళు. ఆ ఏడుపు నాకు పడేది కాదు. అందుకని నేను ఎవరి బిడ్డకీ ఎప్పుడూ పిండలేదు. "నీ అంత పిరికిదాన్ని నేను చూళ్ళేదు" అని అమ్మ తిట్టేది. మా చెల్లి మాత్రం ఆ విద్య కూడా పట్టేసింది.

మా చెల్లి గురించి చెప్పాలి. దానికి పిల్లల్లేరు. భర్త పోయాక మా ఇంటి వెనక వాటాలోకి వచ్చేసింది. నేను ఉద్యోగానికి పోతే మా అమ్మాయికి జడ వేసింది, క్యారేజీ కట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది. అమ్మాయి నాతో పోట్లాడినప్పుడల్లా వెనక వాటాకి వెళ్ళి పడుకునేది. నాకు ఎప్పుడూ కుళ్ళు అనిపించలేదు. మా అమ్మాయికి ఇద్దరు తల్లులని అందరితో నేనే చెప్పుకునేదాన్ని.

పాప పుట్టింది. ఎర్రగా, బొద్దుగా, మా అమ్మాయి ముక్కుతో. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు అక్కడి నర్సు, "అమ్మమ్మగారూ, రొమ్ములు పిండకండి, వాటంతటవే తగ్గిపోతాయి" అని చెప్పింది. "నేను ఎప్పుడూ పిండలేదమ్మా" అన్నాను. మా చెల్లి పక్కనే ఉంది. విన్నది.

అప్పుడు మా చెల్లికి కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు. వేలు వాచి చీము పట్టి సలుపుతోంటే, నిమ్మకాయకి చిల్లు పెట్టి వేలికి తొడిగి గుడ్డ కట్టుకుంది. "పిన్నీ, వేలికి హెల్మెట్టా?" అని మా అమ్మాయి ఏడిపించింది. ఆ నిమ్మకాయ ఉన్నంతకాలం పాపని ముట్టుకోవద్దన్నాను, ముట్టుకోలేదు కూడా. ఒకరోజు గోరుచుట్టు పగిలిందని, హాయిగా ఉందని, నిమ్మకాయ తీసి దొడ్లో పారేసింది.

ఆ వెంటనే తణుకులో మా పెత్తల్లి కొడుకు పెద్దకర్మకి నేను వెళ్ళక తప్పలేదు. పొద్దున్నే బయలుదేరుతూ చెల్లికి చెప్పాను. "ఇవాళ పాపకి నీళ్ళొద్దు. వెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడిస్తే చాలు. ముందు చేతులు సబ్బుతో కడుక్కో." సాయంత్రం వచ్చి అడిగితే, "తుడిచాను అక్కా, శుభ్రంగా పడుకుంది" అంది. మా అమ్మాయి రాత్రంతా పాపతో జాగారం చేసి పొద్దున ఒళ్ళు తెలియకుండా నిద్రపోయిందట. "పిన్నే తుడిచిందమ్మా" అంది.

ఆ తర్వాత నేను మామూలుగా నీళ్ళు పోస్తున్నాను. ఒకనాడు పాపని వెల్లకిలా తిప్పేసరికి ఎడమ రొమ్ము చుట్టూ ఎర్రగా కనిపించింది. చెయ్యి ఆనిస్తే మిగతా ఒళ్ళు ఒక వేడి, అక్కడ ఒక వేడి. ముట్టుకోగానే పాప కెవ్వుమంది. అమ్మాయిని కేకేశాను. మా చెల్లి వచ్చి చూసి, "వేడి చేసింది, గంధం పట్టిద్దాం" అంది. గంధం లేదు గింధం లేదు, కారు మాట్లాడమని మా ఆయనకి చెప్పాను. రాజమండ్రి చేరేసరికి పాపకి జ్వరం వచ్చేసింది. పాలు తాగడం మానేసింది.

పిల్లల డాక్టరమ్మ చూడగానే మొహం మార్చింది. "గడ్డ కడుతోంది. అడ్మిట్ చెయ్యాలి" అంది. సూది గుచ్చి చీము తీసి పరీక్షకి పంపారు. ఆడపిల్ల కాబట్టి అక్కడ కోత పెట్టడం మంచిది కాదని, లోపలి భాగం దెబ్బతింటే పెద్దయ్యాక ఇబ్బందని చెప్పింది. అంత చిన్న చేతికి సెలైన్ సూది ఎక్కడ గుచ్చాలో వెతుకుతుంటే నేను బయటికి వచ్చేశాను.

పరీక్ష ఫలితం వచ్చాక డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది, నన్నూ అమ్మాయినీ. "దీన్ని స్టెఫైలోకాకస్ అంటారండి. స్టాఫ్ అంటాం. మైక్రోస్కోపులో చూస్తే ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. ఇది ఎక్కడి నుంచో రాదు. మన ముక్కుల్లో, చేతుల మీద, గోళ్ళ కింద చాలామందికి ఉంటుంది. చర్మం బాగున్నంతసేపు ఏమీ చెయ్యదు. చర్మం నలిగినా, చిట్లినా లోపలికి దిగుతుంది. సెగ్గడ్డలు, గోరుచుట్టు, కంటికురుపు, ఎక్కువభాగం దీని పనే. పసిపిల్లల రొమ్ములకి ఇది పట్టిందంటే మాకు మొదట వచ్చే అనుమానం ఒకటే. ఎవరైనా పిండారా?"

"లేదండి" అన్నాను.

"ఇంట్లో ఎవరికైనా గోరుచుట్టు గానీ గడ్డలు గానీ ఉన్నాయా?"

మా అమ్మాయి చెప్పింది. "మా పిన్నికి గోరుచుట్టు ఉండేదండి. తగ్గిపోయింది. కానీ ఆవిడ పాపకి స్నానం చేయించరు. మా అమ్మే చేయిస్తుంది." అని నా వైపు తిరిగింది. నేను నలభై మంది పిల్లల్ని కింద పడేసినా అలా చూసేది కాదేమో.

"నేను పిండలేదే" అన్నాను.

"నేను ఏమీ అనలేదమ్మా" అంది.

ఏమీ అనలేదు, అదే కదా బాధ. తిడితే తిరిగి తిట్టేదాన్ని. నా నోరు ఎలాంటిదో ఊరంతా ఎరుగుదురు. మాట అననివాళ్ళతో ఎలా పోట్లాడతాం? ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ పాప గుడ్డలు నాతో మడత పెట్టించింది, ఫ్లాస్కు తెమ్మంది, పాపని మాత్రం నా చేతికివ్వలేదు. వెనక వాటా నుంచి మా చెల్లి రోజూ బస్సెక్కి క్యారేజీ తెచ్చేది. పాపని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నేను దాని భుజం తట్టి ఊరుకోబెట్టేదాన్ని. తలుచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తుంది.

ఆస్పత్రి వరండాలో కూర్చుని ఫోన్లో ఈ స్టాఫ్ గురించి దొరికిందల్లా చదివాను. దానికి ఇంకో జోడీ ఉందట, స్ట్రెప్టోకాకస్. రెండూ కలిసో విడివిడిగానో పిల్లల మూతి చుట్టూ తేనెరంగు పక్కులు కట్టే పుళ్ళు తెస్తాయట. కాలి మీద చిన్న గాయంలోంచి దూరి కాలంతా వాపు తెస్తాయట. ఎండాకాలం వచ్చే సెగ్గడ్డలకి మామిడిపళ్ళ వేడి అని మా ఇంట్లో ఎన్ని తరాలుగా చెప్పుకున్నామో! పాపం మామిడిపండు ఏ పాపం ఎరగదు. ఒకరు చేసిన పనికి ఇంకొకరి మీద నింద పడటం అంటే ఏంటో నాకు అప్పుడు బాగా తెలుస్తోంది, దానికీ నాకూ చుట్టరికం కలిసింది.

పాప కోలుకుంది. ఇంటికొచ్చాం. మర్నాడు పొద్దున నేను పీట వేసుకుంటుంటే మా అమ్మాయి వచ్చి, "నువ్వు అలిసిపోయావమ్మా. ఇకనుంచి పిన్ని పోస్తుందిలే" అంది. నేను దాని మొహంలోకి చూశాను. అది పీట వైపు చూస్తోంది.

"నేను అలిసిపోయానని నీకు ఎవరు చెప్పారు?"

"అమ్మా, ప్లీజ్. నాకు భయంగా ఉంది. అర్థం చేసుకో."

అర్థం చేసుకున్నాను. నా కడుపున పుట్టిన పిల్ల, నేను పిండలేదని చెప్పినా నమ్మలేదు. చేతిలో ఉన్న చెంబు అక్కడే పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, ఏ పాపమూ చెయ్యని స్టవ్వుని తోమాను. మా చెల్లి సబ్బు రాసుకుని మోచేతుల దాకా కడుక్కోవడం కిటికీలోంచి కనిపించింది. మా అమ్మాయి పక్కన నిలబడి కడిగించింది. గోళ్ళు కూడా కత్తిరించింది. అంత శుభ్రమైన చేతులు మా ఇంట్లో నేను ఎన్నడూ చూడలేదు.

నాకు మిగిలిన పని తువ్వాలు అందించడం. ఒకరోజు మా అమ్మాయి పాపని చెల్లికి అప్పగించి, ఫోనొస్తే గదిలోకి వెళ్ళింది. తువ్వాలు పట్టుకుని నేను బాత్రూమ్ దగ్గరికి వచ్చాను. తలుపు ఓరగా ఉంది. లోపల మా చెల్లి పాపతో కబుర్లు చెబుతోంది. దాని గొంతు పసిపిల్లల దగ్గర ఎంత మెత్తగా ఉంటుందో.

"ఆ రోజు ఒక పక్కే, అదీ సగమే తీశానురా బంగారం. నువ్వు అంత గోల చేస్తే నేనేం చెయ్యను? ఉండిపోయాయి, అందుకే గడ్డ కట్టింది. ఈ పక్కన్నా పూర్తిగా తీసెయ్యనీ."

తలుపు తోశాను. దాని బొటనవేలూ చూపుడువేలూ పాప కుడి రొమ్ము మీద ఉన్నాయి. నేను ఆ చెయ్యి పట్టుకుని లాగేశాను. పాప ఏడ్చింది. నా నోట్లోంచి ఏం మాటలు వచ్చాయో రాయను, రాసేవి కావు. మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి పాపని లాక్కుంది.

"ఇదే పిండింది. నేను తణుకు వెళ్ళిన రోజున. ఇప్పుడు మళ్ళీ మొదలెట్టింది. అడుగు" అన్నాను.

మా చెల్లి నా వైపు చూడలేదు. "ఒళ్ళు రుద్దుతున్నాను, అంతే. నేను నీళ్ళు పొయ్యడం మీ అమ్మకి ఇష్టం లేదమ్మా. నేను మానేస్తాలే" అంది. తడిచేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

మా అమ్మాయి నాతో అంది, "నువ్వు చేసింది పిన్ని మీద తొయ్యకమ్మా. నేను నిన్ను ఒక్క మాట కూడా అనలేదు కదా."

నాకు తల కొట్టేసినట్టయింది. మా ఆయనతో చెబితే, "మీ అక్కచెల్లెళ్ళ మధ్య నేను రాను" అని పేపరు తిరగేశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆయన వచ్చింది లేదు, అదొకటి.

మధ్యాహ్నం వెనక వాటాకి వెళ్ళాను. చెల్లి తోటకూర తుంచుకుంటోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి అబద్ధం చెప్పే అవసరం దానికి లేదు.

"చేశాను" అంది. "అమ్మ మనందరికీ చేసింది. మనం బతకలేదా?"

"చేశావు సరే. ఆస్పత్రిలో డాక్టరు అడిగిందని నీకు తెలుసు. అమ్మాయికి నా మీద అనుమానం వచ్చిందనీ తెలుసు. ఎందుకు చెప్పలేదు?"

కూర తుంచడం ఆపలేదు. చాలా నిదానంగా, పిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పింది. "నువ్వు తల్లివక్కా. నీ మీద కోపం వస్తుంది, పోతుంది. నిన్ను వదిలేసి ఎక్కడికి పోతుంది అది? నా మీద వస్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. నాకు దాన్ని మించి ఎవరున్నారు? నువ్వు ఎలాగోలా తట్టుకుంటావనుకున్నాను."

అంటే మరిచిపోయి ఊరుకోలేదు. భయపడి నోరు పెగలక ఊరుకోలేదు. ఆలోచించుకుంది. నన్నూ తననూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుని, ఇందులో ఎవరిని ఇచ్చేస్తే తనకి నష్టం తక్కువో తేల్చుకుంది. ఆస్పత్రి వరండాలో నేను భుజం తడుతుంటే ఏడ్చింది ఈ తేల్చుకున్న మనిషే. నాకు కోపమొచ్చింది. అంతకంటే ఏడుపొచ్చింది. దాని ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టాను.

"సరే, నన్ను ఇచ్చేశావు. పాపనెందుకు మళ్ళీ ముట్టుకున్నావు?"

"ఆ పక్క తియ్యకపోతే మళ్ళీ గడ్డ కడుతుంది కదక్కా" అంది, నేనే తెలివితక్కువదాన్నన్నట్టు. "డాక్టర్లకి ఇవన్నీ ఏం తెలుసు? నీ మీద ఒట్టు, ఈసారి నెమ్మదిగా తీస్తాను."

నా మీద ఒట్టు. దానికి నా మీద ఇంకా అంత హక్కు ఉందనుకుంటోంది. అప్పుడు నాకు కోపం చల్లారి భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున మా అమ్మాయి పాపని తీసుకొచ్చి దీని కాళ్ళ మీద పడుకోబెడుతుంది. ఇది ప్రేమగా, నెమ్మదిగా, రెండో పక్క పిండుతుంది. నేను తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని ఉంటాను. ఆ తువ్వాలు కూడా రేపటి నుంచి నాకివ్వరేమో. నేను ఎన్నిసార్లు నిజం చెప్పినా మా అమ్మాయి చెవికి అది ఈర్ష్యలాగే వినిపిస్తుంది. నేను చెప్పే నిజానికి ఇక నా ఇంట్లో చెల్లుబాటు లేదు. మరి చెల్లేది ఏముంది?

సాయంత్రం అమ్మాయి పాపకి పాలిస్తోంది. చెల్లి గుమ్మంలో కూర్చుని పాప గుడ్డలు మడత పెడుతోంది. నేను వెళ్ళి మంచం దగ్గర నిలబడ్డాను.

"నేనే పిండాను" అన్నాను.

మా అమ్మాయి తలెత్తింది.

"డాక్టరు ముందు అబద్ధం చెప్పాను. పిండకపోతే గడ్డ కడుతుందని మా అమ్మ చెప్పింది, నాకు అదే నమ్మకం. ఇప్పటికీ అదే. మీ పిన్నికీ అదే నమ్మకం. ఇద్దరం ఒక తల్లి దగ్గరే నేర్చుకున్నాం. ఎంత చెప్పినా మా చేతులు మా మాట వినవు. పాపని నాకూ ఇవ్వకు, దానికీ ఇవ్వకు. నువ్వే పోసుకో. నీకు రాకపోతే మీ ఆయనతో కలిసి పొయ్యి."

మా అమ్మాయి నన్ను చూసింది. ఆ చూపులో, పాపం, కొంచెం నిశ్చింత కూడా ఉంది. ఇన్నాళ్ళూ తల్లి అబద్ధమాడిందా లేదా అని నలిగిపోయింది కదా. "పిన్నీ, నువ్వు కూడానా?" అని అడిగింది.

మా చెల్లి చేతిలో గుడ్డ ఆగింది. ఒక్క మాట అంటే చాలు. ఒక్కటి. నేను దాని మొహమే చూస్తున్నాను. చిన్నప్పుడు దెబ్బలు పడతాయని నా వెనక దాక్కునే ముఖమే అది.

"నాకేం తెలుసమ్మా. అక్క ఎలా చెబితే నేను అలా చేసేదాన్ని" అంది.

అల్లుడు భీమవరం నుంచి కారు తీసుకొచ్చాడు. నెల తిరక్కుండా బాలింత ప్రయాణమేంటని నేను అనలేదు, అనడానికి నాకు నోరెక్కడిది? నా అరచేతంత కూడా లేని పాప మొహాన్ని దుప్పట్లోంచి ఒకసారి చూశాను. ఎత్తుకోనా అని అడగలేదు. ఇవ్వనా అని అమ్మాయి కూడా అనలేదు. సున్నిపిండి డబ్బా ఇవ్వబోతే, "వద్దులేమ్మా, బేబీ సోప్ ఉంది" అంది. ఎక్కేటప్పుడు పిన్ని చెయ్యి పట్టుకుంది. నాకు దణ్ణం పెట్టింది.

కారు సందు చివర మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు దగ్గరే నిలబడ్డాం. మా చెల్లి పమిటతో కళ్ళు ఒత్తుకుని, గట్టిగా ఊపిరి తీసుకుంది.

"పోనీలే అక్కా. నువ్వు ఒప్పేసుకోబట్టి సరిపోయింది. ఎవరో ఒకళ్ళు ఒప్పుకునేదాకా దాని మనసు కుదుటపడేది కాదు" అంది. అని, నన్ను ఓదార్చడానికి నా భుజం మీద చెయ్యి వేసింది.